నడక దారిలో షుగరు, భుజాన సంచి



జనవరి దాటిందంటే మా షుగరు ఓ.పి.లో ఒక ప్రశ్న మొదలవుతుంది. "సిస్టరమ్మా, ఈసారి నడిచి పోదామనుకుంటున్నాం. పోవచ్చా?" ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే గుణదల మాత ఉత్సవాలకు విజయవాడ దాకా నడిచి వెళ్ళేవారు మన రోగుల్లో ఉన్నారు. శివరాత్రికీ, ఉగాదికీ ఆత్మకూరు వైపు నుంచి నల్లమల అడవి దారిలో శ్రీశైలం నడిచి వెళ్ళేవారూ ఉన్నారు. ఇప్పుడు కాలేజీ పిల్లలు వీపున పెద్ద సంచి తగిలించుకుని వారం, పది రోజులు హిమాలయాల్లో తిరిగి వస్తున్నారు. వారిలోనూ షుగరు ఉన్నవారు ఉన్నారు.

మునుపు మేము ఈ ప్రశ్నకు ఒక్కటే జవాబు చెప్పేవాళ్ళము. "వద్దు." అలా చెప్పడం మాకు సుళువు. కాని వద్దన్నా వెళ్ళేవారు వెళ్ళారు, మాతో చెప్పకుండా వెళ్ళారు. దారిలో ఏం తినాలో, మాత్ర ఎంత వేసుకోవాలో అడగకుండా వెళ్ళారు. అందుకే ఈ సంచికలో దూరపు నడక గురించే రాస్తున్నాము. ఉదయం అరగంట వాకింగు గురించి కాదు. రోజుకు ఆరేడు గంటల చొప్పున, భుజాన బరువుతో, రెండు మూడు రోజులో అంతకంటే ఎక్కువో నడిచేవారి గురించి.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

కొన్నేళ్ళ క్రితం శివరాత్రి ముందు ఒక రైతు తన ఊరివారితో కలిసి అడవి దారిన బయలుదేరాడు. వయసు అరవైకి దగ్గర. షుగరు వచ్చి ఎనిమిదేళ్ళు. పొద్దున, సాయంత్రం గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర వేసుకునేవాడు. మంచి రోగి, మేము చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. ఆ రోజుల్లో మా ఓ.పి. గోడ మీద పెద్ద పటం ఒకటి ఉండేది. ఎడమ వైపు తినకూడనివి అంటూ పంచదార, బెల్లం, తేనె, మిఠాయిలు, అరటిపండు, శీతల పానీయాలు. దాని మీద ఎర్ర గీత. ఆ పటం దగ్గర ఆయననూ ఆయన భార్యనూ నిలబెట్టి మేమే చాలాసార్లు పాఠం చెప్పాము.

వెంకటాపురం దాటి, నాగలూటి దాటి, రెండో రోజు పెచ్చెరువుకు వెళ్ళే దారిలో ఆయనకు మాట తడబడింది. పొద్దున మాత్ర మానలేదు, తిండి మాత్రం మానేశాడు. ఒక పూటే భోజనం అని నియమం పెట్టుకున్నాడట. చెమటతో చొక్కా తడిసిపోయింది. ఎన్నడూ ఒక్క మాట అనని మనిషి భార్యను తిట్టడం మొదలుపెట్టాడు. కొందరు ఎండదెబ్బ అన్నారు, కొందరు పూనకం అన్నారు, ఒకాయన తాగి ఉంటాడని కూడా అన్నాడట. దారిలో ఎవరో పానకం ఇస్తే భార్య గ్లాసు పక్కకు నెట్టేసింది. "మా ఆయనకు షుగరు, తీపి ముట్టకూడదని ఆసుపత్రిలో చెప్పినారు" అంది. ఆయన కూలబడిపోయాడు. వెంట ఉన్న ఒక మెడికల్ షాపు కుర్రవాడు బతిమాలి, చివరికి కోప్పడి, ఆయన ఇంకా మింగగలిగే స్థితిలో ఉండగానే ఆ పానకం తాగించాడు. పదిహేను నిమిషాల్లో లేచి కూర్చున్నాడు. ఇక ఫరవాలేదనుకున్నారు. అదే రాత్రి నిద్రలో మళ్ళీ పడిపోయింది షుగరు. మోసుకుని, జీపు పట్టుకుని మా దగ్గరకు తెచ్చేసరికి మరునాడు పొద్దు ఎక్కింది. రెండు రోజులు గ్లూకోజు ఎక్కించాము. బతికాడు.

ఆయన భార్య వార్డు బయట మమ్మల్ని పట్టుకుని అడిగింది. "మీరే గదమ్మా సెప్పింది, తీపి ముట్టొద్దని?" మా దగ్గర జవాబు లేదు. షుగరు పెరిగితే ఏమవుతుందో ఎనిమిదేళ్ళు చెప్పాము. పడిపోతే ఏమవుతుందో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ పటం ఇప్పటికీ గోడ మీదే ఉంది. కాని దాని కింద తెల్ల కాగితం అతికించి పెద్ద అక్షరాలతో రాశాము: "చెమటలు, వణుకు, తికమక, మాట తడబాటు వస్తే తీపే మందు."

నడిస్తే షుగరు ఎందుకు పడిపోతుంది?

మన కండరాలకు గ్లూకోజు కట్టెల వంటిది. కూర్చున్నప్పుడు కండరం గ్లూకోజు తీసుకోవాలంటే ఇన్సులిన్ తలుపు తీయాలి. నడుస్తున్నప్పుడు కండరం తానే తలుపు తీసుకుని రక్తంలోంచి గ్లూకోజు లాక్కుంటుంది. బరువు మోస్తే ఇంకా ఎక్కువ, ఎక్కుడు దారి అయితే మరీ ఎక్కువ. అందుకే నడక షుగరుకు మంచిదని చెబుతాము. అయితే ఇన్సులిన్ సూది వేసుకునేవారిలోనూ, కొన్ని రకాల మాత్రలు వేసుకునేవారిలోనూ మందు తన పని తాను చేస్తూనే ఉంటుంది, నడక తన పని చేస్తుంది, రెండూ కలిసి షుగరును కిందికి లాగుతాయి.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. నడక ఆగగానే ఇది ఆగదు. పగలంతా ఖర్చయిన నిల్వలను కండరాలు, కాలేయం రాత్రంతా మళ్ళీ నింపుకుంటాయి. ఒక రోజు బాగా నడిస్తే ఆ ప్రభావం 24 గంటలు, ఒక్కొక్కరిలో 48 గంటల దాకా ఉంటుంది. కాబట్టి రెండో రోజు మొదటి రోజుకంటే ప్రమాదం. రాత్రి పగటికంటే ప్రమాదం, ఎందుకంటే నిద్రలో ఉన్న మనిషికి చెమటలు పట్టినా తెలియదు, పక్కవారికీ తెలియదు.

రక్తంలో గ్లూకోజు 70 మి.గ్రా. కంటే తగ్గితే లో షుగరు అంటాము. 54 కంటే తగ్గితే మెదడుకు చాలా ప్రమాదం. చెమట, గుండె దడ, చేతులు వణకడం, విపరీతమైన ఆకలి మొదట వస్తాయి. తరువాత తికమక, చిరాకు, మాట తడబాటు, చూపు మసకబారడం, ఆ పైన స్పృహ తప్పడం. బి.పి.కి, గుండెకు అటెనొలాల్, ప్రొప్రనొలాల్ వంటి మాత్రలు వాడేవారిలో దడ, వణుకు కనబడకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. ఎండలో నడిచేవాడికి చెమట ఎలాగూ పడుతుంది కదా, అందుకే వీరు మీటరునే నమ్మాలి.

మీ మాత్ర ఏ రకమో తెలుసుకోండి

మందుల చీటీ పట్టుకుని వచ్చి అడగండి. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, ఇవి తిన్నా తినకపోయినా షుగరును తగ్గిస్తాయి. పై రైతు రాత్రి మళ్ళీ పడిపోవడానికి కారణం గ్లిబెన్‌క్లమైడ్ శరీరంలో చాలాసేపు పనిచేయడమే. ఈ మాత్రల వల్ల ఒకసారి షుగరు పడిపోతే తీపి తిని లేచినంత మాత్రాన సరిపోదు, కనీసం ఒక రోజు కనిపెట్టి ఉండాలి, ఆసుపత్రికి చేరాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవారికి, సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ రకం వేసుకునేవారికి లో షుగరు భయం తక్కువ.

వోగ్లిబోజ్, అకార్బోజ్ మాత్రలు మన వైపు చాలామంది వాడుతున్నారు. ఇవి పంచదార పేగుల్లో విడిపోకుండా ఆపుతాయి. అంటే వీరికి లో షుగరు వచ్చినప్పుడు పంచదార, బెల్లం త్వరగా పనిచేయవు. వీరి సంచిలో గ్లూకోజు పొడే ఉండాలి. ఈ ఒక్క ముక్క ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపుతాయి. ఇవి వేసుకుంటూ పస్తు ఉండి, నీళ్ళు తక్కువ తాగి, ఎండలో నడిస్తే రక్తంలో కీటోన్లు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. మీటరులో షుగరు మరీ ఎక్కువ చూపకపోయినా ఇది జరగవచ్చు. ప్రయాణానికి ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరుగారిని అడగాలి.

ఇన్సులిన్ వేసుకునేవారికి దూరపు నడక రోజుల్లో మోతాదు తగ్గించవలసి వస్తుంది. సాధారణంగా నూటికి 20 వంతుల నుంచి 50 వంతుల దాకా తగ్గిస్తారు. ఎవరికి ఎంత అన్నది డాక్టరుగారు చెప్పాలి, పక్క మంచం ఆయనను చూసి మీరు తగ్గించుకోకూడదు. చిన్న వయసులో షుగరు వచ్చి ఇన్సులిన్ మీదే బతికే పిల్లలు ఏ పరిస్థితిలోనూ ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు. తిండి లేకపోయినా, వాంతులవుతున్నా రోజంతా పనిచేసే ఇన్సులిన్ కొంతైనా పడాలి. ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే కీటోన్లు పెరిగి ప్రమాదం.

భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ విషయంలో మేము చెప్పే నియమం ఇది: అన్నం మీ ఎదుట ఆకులో పడిన తరువాతే సూది. "ముందర అన్నదానం ఉంది, పది నిమిషాల్లో చేరతాం" అని ఎవరో చెప్పారని సూది వేసుకుని నడిస్తే, ఆ పది నిమిషాలు గంటన్నర అవుతుంది. అడవి దారిలో దూరం చెప్పేవారి మాట నమ్మకూడదని నడిచినవారందరికీ తెలుసు. సూది పొట్టకు వేసుకోండి. నడకకు ముందు తొడకు వేస్తే మందు త్వరగా రక్తంలోకి దిగుతుంది.

సంచిలో తిండి

షుగరు ఉన్నవారు తిండి తగ్గించాలి అనే మాట నడక రోజుల్లో పనికిరాదు. పగలంతా నడిచే మనిషికి గంటకు సుమారు 15 నుంచి 30 గ్రాముల పిండిపదార్థం పడాలి. ఒక పూట కడుపు నిండా తిని తక్కిన రోజంతా ఖాళీగా నడవడం కంటే, గంటకొకసారి గుప్పెడు తింటూ నడవడం మేలు. ఈ లెక్క ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి వాడేవారికి ముఖ్యం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారు మామూలు భోజనాలతోనే నడవవచ్చు.

మా వంటగదిలో తూకం పెట్టి, హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల సాయంతో కొన్ని లెక్కలు వేసుకున్నాము. 100 గ్రాముల అటుకుల్లో 77 గ్రాములు, బొరుగుల్లో 74 గ్రాములు పిండిపదార్థం ఉంటుంది. ఇవి తేలికగా అరిగి షుగరు త్వరగా పెంచుతాయి. వేయించిన పుట్నాల పప్పులో 58 గ్రాముల పిండిపదార్థంతో పాటు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. నిదానంగా అరుగుతాయి. 30 గ్రాములు, అంటే ఒక గుప్పెడు, తింటే సుమారు 17 గ్రాముల పిండిపదార్థం. వేరుశనగ గింజల్లో పిండిపదార్థం 26 గ్రాములే, నూనె 40 గ్రాములు. కడుపు నిండుతుంది, బలం ఇస్తుంది, కాని గంటకు కావలసిన గ్లూకోజు దానితో రాదు. అందుకే బొరుగులు, పుట్నాలు, వేరుశనగ మూడూ కలిపి, కాస్త ఉప్పూ కారమూ తగిలించి పొట్లాలు కట్టుకోండి. మన అమ్మమ్మలు దారిబత్తెం అని కట్టింది ఇటువంటివే. కొత్తగా కొనవలసిన పని లేదు. ఖరీదైన "డయాబెటిక్ బిస్కెట్లు" సంచిలో అసలు అవసరం లేదు, వాటిలోనూ పిండి ఉంటుంది, డబ్బులే దండగ.

గట్టిగా ఎండిన జొన్న రొట్టె మరొక మంచి వస్తువు. కన్నడం వైపు నుంచి ఉగాదికి శ్రీశైలం నడిచి వచ్చేవారు మూటల్లో తెచ్చుకునే రొట్టె అదే. పాడవదు, బరువు తక్కువ. 40 గ్రాముల పిండితో చేసిన రొట్టెలో సుమారు 29 గ్రాముల పిండిపదార్థం. వేరుశనగ పొడితోనో నువ్వుల పొడితోనో తింటే ఒక పూట గడిచిపోతుంది. పులిహోర ఒక్క రోజుకు సరి, ఎండాకాలం సాయంత్రానికి వాసన చూసి తినాలి. ఉడికించిన గుడ్డు పొద్దున తీసుకెళ్ళి మధ్యాహ్నంలోగా తినేయాలి. చిక్కీ మంచిదే, కాని నడుస్తూ తినడానికి, పడిపోయినప్పుడు ఇవ్వడానికి కాదు. చాక్లెట్టూ అంతే. నూనె, కొవ్వు ఉన్న తీపి నిదానంగా రక్తంలోకి వెళుతుంది.

అన్నదానం పందిట్లో కుప్పగా పెట్టే అన్నం, పైన చక్కెర పొంగలి, ఇది ఇంకో వైపు ఇబ్బంది. నడకకు ముందు, మధ్యాహ్నం, ఇంత తిన్నా నడకలో కొంత ఖర్చవుతుంది. రాత్రి విశ్రాంతికి చేరాక అంత తింటే పొద్దునకు షుగరు 300 చూపిస్తుంది. కొంచెం అన్నం, ఎక్కువ పప్పు, కూర, మజ్జిగ అడిగి పెట్టించుకోండి. పెట్టేవారు ఏమీ అనుకోరు.

నీళ్ళ గురించి ఒక మాట. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు చూసి షుగరువారు భయపడుతుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం చేసిన ప్యాకెట్టు ఒక లీటరు నీళ్ళలో కలిపితే అందులో గ్లూకోజు 13.5 గ్రాములే. ఎండలో నడిచేటప్పుడు, విరేచనాలైనప్పుడు తాగవచ్చు. అయితే లో షుగరు వచ్చినప్పుడు ఒక గ్లాసు ఓ.ఆర్.ఎస్. ఇచ్చి ఊరుకుంటే చాలదు, గ్లాసులో మూడు గ్రాములు కూడా ఉండదు. పండ్లరసం డబ్బాలు వేరు, వాటిలో చక్కెర చాలా ఎక్కువ.

తీపి డబ్బా

పై తిండి అంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. నడుముకు కట్టిన సంచిలోనో చొక్కా జేబులోనో, చేయి పెడితే అందే చోట, చిన్న డబ్బాలో గ్లూకోజు పొడి ఉండాలి. వీపున సంచి అడుగున కాదు. లో షుగరు వచ్చిన మనిషికి ముడి విప్పే తెలివి కూడా ఉండదు.

అనుమానం రాగానే ఆగండి, కూర్చోండి. మీటరు ఉంటే చూసుకోండి, లేకపోతే లో షుగరే అనుకుని మొదలుపెట్టండి. నాలుగు టీ చెంచాల గ్లూకోజు పొడి, లేదా నాలుగు చెంచాల పంచదార, లేదా ఉసిరికాయంత బెల్లం ముక్క, లేదా అర గ్లాసు మామూలు కూల్ డ్రింకు. డైట్ అని రాసి ఉన్నది పనికిరాదు. 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూసుకోండి. ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ అంతే తీసుకోండి. లేచాక ఒక రొట్టె, లేక బిస్కెట్లు, లేక అన్నం తినాలి, లేకపోతే గంటకు మళ్ళీ పడిపోతుంది. వెంటనే నడక మొదలుపెట్టకండి. కనీసం అరగంట, ముప్పావుగంట కూర్చోండి. వెనుక గుంపు వెళ్ళిపోతుందని తొందరపడతారు. వెళ్ళనివ్వండి, ఒకరిని మాత్రం ఆపుకోండి.

బెల్లం పట్టుకున్న వేలితో మీటరు చూస్తే అది 250 చూపిస్తుంది. ఇది మేము కళ్ళారా చూశాము. అరటిపండు ఒలిచిన చేతికీ అంతే. వేలు కడిగి, తుడిచి గుచ్చుకోండి. నీళ్ళు లేకపోతే మొదటి బొట్టు తుడిచేసి రెండో బొట్టు వాడండి. స్ట్రిప్పుల సీసా మూత తెరిచి ఉంచకండి, ఎండలో పెట్టకండి.

స్పృహ తప్పినవారి నోట్లో పానకం, నీళ్ళు, ఏదీ పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోను చేసి, దొరికిన బండిలో దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నల్లమలలో ఫోను అందని చోట్లు ఉన్నాయి. కాబట్టి అక్కడ స్పృహ తప్పేదాకా రానివ్వకపోవడమే వైద్యం.

ఎప్పుడెప్పుడు చూసుకోవాలి అంటే, బయలుదేరే ముందు ఒకసారి. 100 కంటే తక్కువ ఉంటే ముందు తిని, తరువాత కదలండి. 250 దాటి ఉండి, వికారం, వాంతి, కడుపునొప్పి ఉంటే ఆ రోజు నడక లేదు. ఇన్సులిన్ పిల్లలు అప్పుడు మూత్రంలో కీటోన్లు చూసుకోవాలి. నడుస్తూ మొదటి రోజు ప్రతి రెండు గంటలకు చూసుకుంటే మీ శరీరం తీరు మీకే తెలుస్తుంది. పడుకోబోయే ముందు తప్పనిసరి. 120 లోపు ఉంటే పాలు, రొట్టె వంటిది ఏదైనా తిని పడుకోండి. ఇన్సులిన్ వేసుకునేవారు తెల్లవారుజామున రెండు మూడు గంటలకు ఒకసారి అలారం పెట్టుకుని చూసుకుంటే మంచిది.

కొండ మీద ఇన్సులిన్

మా దగ్గర తొమ్మిదేళ్ళ వయసు నుంచి ఇన్సులిన్ వేసుకుంటున్న ఒక అమ్మాయి కాలేజీ జట్టుతో ఉత్తరాఖండ్ కొండల్లో ఎనిమిది రోజుల ట్రెకింగుకు వెళ్ళింది. వాళ్ళమ్మ ఏడ్చింది. మేమూ లోపల భయపడ్డాము, పైకి చెప్పలేదు. ఆమె నెల ముందే పనిలో దిగింది. వారాంతాల్లో బరువు సంచితో ఆరు గంటలు నడిచి షుగరు రాసుకుంది. రోజుకొక ప్లాస్టిక్ కవరు చొప్పున తిండి తూచి కట్టి, పైన ఎన్ని గ్రాముల పిండిపదార్థమో రాసింది. ఇన్సులిన్, సిరంజీలు, స్ట్రిప్పులు అవసరానికి రెండింతలు తీసుకుని రెండు భాగాలు చేసింది. ఒకటి తన దగ్గర, ఒకటి స్నేహితురాలి దగ్గర. పెద్ద సంచులు గాడిదల మీద వేస్తామని నాయకుడు చెప్పినా మందు సంచి మాత్రం ఇవ్వలేదు. మూడో రోజు వాన పడి ఆ గాడిదలు రాత్రి దాకా రాలేదు. మందు సంచి వాటి మీద ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఆమెకూ ఒక పొరపాటు జరిగింది. పడిపోతుందేమోనన్న భయంతో మొదటి రెండు రోజులు మరీ ఎక్కువ తిని, ఇన్సులిన్ మరీ తగ్గించింది. 350 దాటింది. దాహం, అలసట. భయంతో తినడం కూడా ఒక రకం పొరపాటే. ముందే రాసుకున్న కాగితం చూసుకుని మోతాదు సరిచేసుకుంది.

ఎత్తైన చోట ఆకలి మందగిస్తుంది, వికారం ఉంటుంది. కొండ జబ్బు లక్షణాలు, లో షుగరు లక్షణాలు ఒకే తీరుగా కనబడతాయి. చలికి మీటరు కూడా సరిగా పనిచేయదు, కాబట్టి దాన్ని చొక్కా లోపల వెచ్చగా ఉంచాలి. ఇన్సులిన్ గడ్డకడితే, తరువాత కరిగినా పారేయవలసిందే. రాత్రి పడుకునే సంచిలోనే, ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి.

మన ఎండల్లో ఇబ్బంది దీనికి తలకిందులు. వాడుతున్న ఇన్సులిన్ సీసా 30 డిగ్రీల లోపు ఉంటే సుమారు నాలుగు వారాలు ఆగుతుంది. నడిచేటప్పుడు మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బాలో సీసా పెట్టి, డబ్బా చుట్టూ తడిగుడ్డ చుట్టి, గాలి తగిలేలా నీడ వైపు కట్టుకోండి. ఆరినప్పుడల్లా తడపండి. ఇంటి దగ్గర ఫ్రిజ్ లేనివారికి మేము చెప్పే ఇసుక కుండ ఉపాయం కూడా ఇదే సూత్రం. ఐసు ముక్కల్లో నేరుగా పెట్టకండి. తెల్లగా తేటగా ఉండవలసిన ఇన్సులిన్ మసకబారినా, కలిపే రకంలో గడ్డలు కనబడినా వాడవద్దు.

సిరంజి పోయి దారిలో కొనవలసి వస్తే జాగ్రత్త. మన సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. పెన్నులో వేసే మందు 100 యూనిట్లది, ఆ లెక్క సిరంజికి నారింజ మూత. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు మందు ఒంట్లోకి పోతుంది. అడవిలో ఇంతకంటే ప్రమాదం లేదు.

పాదాలు

దీని గురించి వేరే సంచికలో రాస్తాము, ఇక్కడ కొంచెమే. మా ఓ.పి.లో సన్నని నైలాను పోగుతో అరికాలు తాకి చూస్తాము. ఆ తాకిడి తెలియనివారు చెప్పులు లేకుండా ఒక్క మైలు కూడా నడవకూడదు, ఏ మొక్కు ఉన్నా సరే. తారు రోడ్డు మీద కాలిన బొబ్బ వారికి మూడో రోజు దాకా తెలియదు. కొత్త బూట్లు దారిలో మొదలుపెట్టవద్దు. ప్రతి రాత్రీ దీపం పెట్టి అరికాళ్ళు, వేళ్ళ సందులు ఇంకొకరి చేత చూపించుకోండి. బొబ్బ చిదపకండి.

కాలికి పుండు ఉన్నవారు, కంటి వెనుక రక్తస్రావం అయినవారు, ఈ మధ్య ఛాతీ నొప్పి వచ్చినవారు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారు, లో షుగరు వచ్చినా తెలియనివారు ఈ ఏడు బస్సులో వెళ్ళండి. ఇది మా కోరిక.

మిగతావారు బయలుదేరడానికి మూడు వారాల ముందు షుగరు ఓ.పి.కి రండి. మందుల చీటీ, మీటరు, వేసుకోబోయే బూట్లు, కట్టుకున్న తిండి పొట్లం ఒకటి వెంట తీసుకురండి, తూచి లెక్క చెబుతాము. మీ పేరు, జబ్బు, మందులు, ఇంటి ఫోను నంబరు రాసిన చీటీ ఒకటి మేమే రాసిచ్చి ప్లాస్టిక్ కవరులో పెడతాము. అన్నిటికంటే ముఖ్యంగా, దారిలో మీ పక్కన నడిచే మనిషిని తీసుకురండి. పాఠం సగం వారికే చెప్పాలి.